రోజుకి రెండు పూటలా తోడికోడలు

కూరగాయల బజారులో ఆవిడ అసలు పేరు ఎవరికీ గుర్తులేదు. అందరికీ మైకమ్మే. ఈ చివర నిలబడి "టమాటాలోయ్!" అని ఓ కేక వేస్తే, ఆ చివర బేరమాడుతున్నవాళ్ళు బేరం వదిలేసి ఇటు నడిచేవాళ్ళు. కళ్ళతో వెతుక్కునే పనే లేదు, చెవులు ఎటు లాగితే అటే.

అలాంటి నోరు ఒక పొద్దున బుట్టలు దింపించుకుంటుండగా పక్కకి జారిపోయింది. ఎడమ చెయ్యి, ఎడమ కాలు కూడా చెప్పిన మాట వినడం మానేశాయి. ఆసుపత్రిలో మందులూ మాకులూ పడ్డాక కాలు దారికొచ్చింది, చెయ్యీ కాస్త దారికొచ్చింది. మాట మాత్రం మొండికేసింది. లోపల వరసగా నిలబడ్డ మాటలు పెదవి దాటేసరికి తడిసిన కాగితంలా ముద్దయిపోయేవి.

మాటలు నేర్పే అమ్మాయి రోజూ ఇంటికొచ్చి, "పా పా పా అనండి మామ్మా" అనేది. చంకలో మనవల్ని వేసుకుని తను నేర్పిన మాటలు ఇప్పుడు తనకా! మైకమ్మకి సిగ్గేసి మూతి బిగించేది. ఇంట్లోవాళ్ళేమో ఆవిడతో మెత్తమెత్తగా, గాజు సామాను మోస్తున్నట్టు మాట్లాడేవాళ్ళు. నోరు తెరిస్తే చాలు, "నీళ్ళా? దుప్పటా?" అని వాళ్ళే పూర్తిచేసేవాళ్ళు. మంచివాళ్ళే పాపం. కానీ మంచితనం కూడా ఒక్కోసారి నోట్లో గుడ్డలు కుక్కుతుంది.

ఒకరోజు కొడుకు పక్కన కూర్చుని, నసుగుతూ అన్నాడు.

"అమ్మా, పక్కన బకెట్లు అమ్మే ఆయన మన కొట్టు అడుగుతున్నాడు. నెలాఖరుకి ఇచ్చేద్దామా? నువ్వింక హాయిగా కూర్చో."

మైకమ్మ తల అడ్డంగా ఊపింది.

"మరి కేక వెయ్యకుండా ఎలా అమ్ముతావే?"

జవాబు ఆవిడ దగ్గర బోలెడుంది. నోటి దగ్గరే లేదు. ఆ కొట్టే ముగ్గురు పిల్లల్ని పెంచింది. అది పోతే తను ఇంట్లో మూలనున్న కుర్చీతో సమానం. ఆ పూట అన్నం సయించలేదు.

మర్నాడు తోడికోడలు దిగింది. ఒకే ఇంట కోడళ్ళుగా అడుగుపెట్టిన నాటినుంచీ ఇద్దరికీ ఉప్పూ నిప్పూ. ఆవిడది బజారుకి ఆ చివర ఉల్లిపాయల కొట్టు. అత్తగారి ఇత్తడి గిన్నెకి సొట్ట ఎవరు పెట్టారన్న తగువు, అత్తగారు పోయినా పోలేదు.

మంచం ఎదురుగా కుర్చీ లాక్కుని, కాలు మీద కాలేసుకుంది.

"ఏం అక్కా, మైకుకి కరెంటు పోయిందట?"

గుమ్మంలో నిలబడ్డ మైకమ్మ కోడలు నాలిక్కరుచుకుంది.

"పోనీలే, ఎలాగూ నోరు లేవదు కాబట్టి ఇవాళే తేల్చేద్దాం. ఆ సొట్ట పెట్టింది నువ్వే. కాదంటావా? అను మరి! అనలేవూ? అయితే ఒప్పుకున్నట్టే."

మైకమ్మ మొహం కందగడ్డ అయింది.

"నూ... నువ్వే!"

"ఏంటీ? వినపళ్ళేదు."

"నువ్వే! మె... మెట్ల మీద దొ... దొర్లించావ్! దొంగ మొహమా!"

చివరి మాట నూనె రాసినట్టు ఎక్కడా తడబడకుండా జారింది. అప్పుడే లోపలికొచ్చిన మాటల అమ్మాయి చేతిలో సంచీ వదిలేసి చప్పట్లు కొట్టింది.

"పెద్దమ్మగారూ, మీరెవరో గానీ రేపు కూడా రండి. పొద్దునోసారి, సాయంత్రమోసారి. తిండికి ముందైనా, తర్వాతైనా పర్లేదు!"

ఇంక చూసుకోండి. ఎవరి పెళ్ళిలో ఎవరు అలిగారు, ఎవరి చీర ఎవరు కట్టి చింపారు, అన్నీ తవ్విపోసుకున్నారు. అమ్మాయి పక్కన కూర్చుని, "ఊపిరి నింపుకుని తిట్టండి మామ్మా, ఒక్కో మాటా విడివిడిగా తిట్టండి" అనేది. పాత తగువులు అయిపోతే కొత్తవి పుట్టించుకున్నారు.

ఒక సాయంత్రం మైకమ్మే అడిగింది, నెమ్మదిగా. "ఎం...దుకొస్తున్నావే రోజూ?"

"నువ్వు అటు అరిస్తేనే కదా నేను ఇటు అరిచేది! నువ్వు లేక నా గొంతు తుప్పు పట్టింది, ఉల్లిపాయలు మొలకలెత్తుతున్నాయి. నీ మీద ప్రేమనుకున్నావా ఏంటి?" అని మొహం తిప్పుకుని, కొంగుతో ముక్కు తుడుచుకుంది.

నెలాఖరొచ్చింది. "ఒక్క పూట చూద్దాం" అన్నాడు కొడుకు. మైకమ్మ కర్ర మీద ఆనుకుని కొట్టు ముందు నిలబడింది. బకెట్ల ఆయన అప్పుడే టేపు పెట్టి గోడలు కొలుస్తున్నాడు.

"ట... మా..." మాట మధ్యలోనే తెగింది. దారిన పోయేవాళ్ళు జాలిగా చూసి పోయారు. కొడుకు తల దించుకున్నాడు.

ఆ చివరనుంచి వచ్చిందో కేక. "ఉల్లిపాయలోయ్! ఆ నిన్నటి టమాటాలు కొనకండి, ఇవాళ్టి ఉల్లిపాయలు కొనండోయ్!"

మైకమ్మకి అరికాలి మంట నెత్తికెక్కింది.

"ఎవరివే నిన్నటివి! ఇప్పుడే దింపా! టమాటాలోయ్! ఎర్రెర్రటి టమాటాలోయ్!"

కేక కాస్త ఒంకరగానే వెళ్ళింది గానీ, బజారంతా వెళ్ళింది. జనం ఇటు తిరిగారు. ఒకాయన సంచీ చాపుతూ, "మాట పక్కకి పోతోందేంటమ్మా?" అన్నాడు.

"ఎడమ పక్క సెలవులో ఉంది బాబూ. కుడి పక్కే రెండు డ్యూటీలూ చేస్తోంది. కిలోనా, రెండు కిలోలా?"

ఆయన నవ్వాపుకోలేక రెండు కిలోలు కొన్నాడు. కొడుకు చొక్కా చేతులు పైకి మడిచి త్రాసు అందుకున్నాడు.

బకెట్ల ఆయన టేపు చుట్టుకుని మెల్లగా జారుకోబోతే మైకమ్మ కర్ర అడ్డం పెట్టింది.

"ఎక్కడికి నాయనా? నా కొట్టంతా కొలిచావుగా, ఊరికేనా? ఓ కిలో పట్టుకెళ్ళు."

పట్టుకెళ్ళాడు.