గుట్టకు ఆరాం

మహదేవపూర్ అడివిల, తెల్లగుట్ట తూర్పు వాలు మీద మొదటి తపసి చెట్టు కూలినప్పుడు బంక ఏరే సమ్మక్క అక్కడ్నే ఉన్నది. మిషన్ రంపానికి బీడీ తాగినంత సేపు గూడ పట్టలే. తెల్లటి మాను అడ్డం పడ్డది, కోసిన కాడ బంక ఊరుతనే ఉన్నది. అయ్యో నా తల్లీ అనుకుంట సమ్మక్క చెంపలేసుకున్నది. కాంట్రాక్టర్ దామోదర్ జీపుకు ఆనుకోని, ఈ పనికిరాని చెట్లు తీసేసి కంపెనీకి జామాయిల్ పెడుతున్నమని, రేపు పొద్దుగాల ఇంకో నాలుగు రంపాలు తెస్తనని చెప్పిండు. జనం వాడని జాగ అట. కాయితం సూపెట్టిండు. దాని మీదున్న ఏలుముద్ర సమ్మక్కదే.

ఆ ముద్ర ఎట్ల పడ్డదో ఇనున్రి. బంక ఏరేటోళ్లకు ఒక్కో చెట్టు గుణం ఎరుకే. తుమ్మ అడగకముందే ఇస్తది, పోరగాండ్లు గీక్కోని నోట్లేసుకుంటరు. తిరుమాను పీనాసిది, కన్నీటిబొట్టంత బంకకు పొద్దంత తిప్పుతది. మోదుగ బంక నెత్తురు రంగు, కడుపు జారితే మందు. తపసి మాత్రం ఉన్నదంత ఇస్తది, సాలు అనది. గాటు లోతుకు పడితే కారి కారి ఎండి సస్తది. అందుకే తాతల కాడికెల్లి ఒక వాలుల బంక తీస్తే ఇంకో వాలుకు రెండేండ్లు ఆరాం ఇస్తరు. ఆరాంల ఉన్న చెట్టుకు గొడ్డలి ముట్టిచ్చినోన్ని పెండ్లిల బంతికి గూడ పిలువరు.

పోయిన ఎండకాలం జాగ సర్వే అని ఒక సారు వచ్చి, తూర్పు వాలు మీద ఏడాది సంది ఎవలన్న బంక తీసిండ్రా అని అడిగిండు. ఒక్క గాటు పెట్టలే, సూసుకో సారూ అని సమ్మక్క గర్వంగ చెప్పింది. ఆయన రాసుకున్నడు, ఈమె ఏలు పెట్టింది. నిజం చెప్పి గుట్టను పోగొట్టిన గదా అని ఇప్పుడు ఆమెకు కాలు ఒక్కకాడ నిలుస్తలేదు.

మధ్యాన్నమే ఊరంత బడి ముందల కూడింది. సమ్మక్క పెనిమిటి ఎల్లస్వామి కలెక్టర్‌కు దరఖాస్తు పెడుదమన్నడు. మరిపెడ దిక్కు తండా నుంచి వచ్చిన సంఘం మనిషి ప్రేమ్‌సింగ్, పెట్టున్రి గని ఆ కాయితం కదిలేలోపు గుట్ట బోడైతదన్నడు. వాళ్ల తండా పక్కన జామాయిల్ పెట్టినంక బాయిలు అడుగంటినయట, దాని కింద గడ్డి మొలుస్తలేదట, ఆకును మేక గూడ ముడుతలేదట. డిగ్రీ చదివే దిలీప్ ఇంకో ఉపాయం చెప్పిండు. ఇయ్యాలనే అన్ని చెట్లకు గాట్లు పెడితే, బంక కారుతుంటె వాడని జాగ అని ఎట్లంటరు? చానమందికి నచ్చింది. కొందరు గొడ్డళ్లకు లేచిండ్రు గూడ.

అట్ల జేస్తే సమ్మక్క తప్పు కడుక్కపోతది. అయినా ఆమెనే అడ్డం లేచింది.

"పాత గాట్లు ఇంక మానలే. మల్ల కొడితే సస్తయి. వాడు రంపంతోని సంపుతడు, మనం గొడ్డలితోని సంపుతమా?"

"మరేం చేద్దం పెద్దమ్మా?" అన్నడు దిలీప్.

"ఎవల చెట్టు కాడ వాళ్లు నిలవడుదం. ముందుగాల మనల కొయ్యనీ."

దిలీప్ గొడ్డలి కింద పెట్టిండు. ప్రేమ్‌సింగ్ ఫోన్ తీసి మరిపెడ తండాలకు కబురు పెట్టిండు.

తెల్లారి రంపాలొచ్చేసరికి చెట్టుకొక మనిషి వీపు ఆనిచ్చి నిలవడ్డడు. దామోదర్ పోలీసులను పిలిచిండు. ఇన్‌స్పెక్టర్ కాయితం పట్టుకోని, ఈ ఏలు ఎవలదని గద్దించిండు. సమ్మక్క తన బొటనేలు లేపి సూపెట్టింది. భయం లేదంటె అబద్ధం.

"నాదే సారూ. చెట్టు బతకాలని ముట్టలే. బాలింతను పనికి తోలకుంటె, ఆమె మాకు అక్కెర లేదని రాస్కుంటరా?"

ఇద్దరు పోలీసులు ఆమెను రెక్క పట్టి వ్యానుల ఎక్కిచ్చిండ్రు. మగోళ్లు చెట్ల కాడికెల్లి ఉరకబోయిండ్రు గని, జాగ ఇడువొద్దని ఆమెనే లోపలినుంచి చెప్పింది. అప్పుడు పక్కూరి ఉమారాణి, సూసిపోదమని వచ్చిన మనిషి, వ్యాను తలుపు పట్టుకున్నది.

"ఈ గుట్ట మాది గాదు. రేపు మా గుట్టకు గిట్లనే వస్తరు. నన్ను గూడ తీస్కపో."

ఆమె ఎనుక వాళ్లూరిదే ఇంకొకామె, ఆమె ఎనుక ఇద్దరు ఎక్కిండ్రు. వ్యాను నిండి పోలీసులే రోడ్డు మీద మిగిలిండ్రు. జాగ దొరకని ఆడోళ్లు చక్రాల ముందల కూసున్నరు. గుట్ట మీద రంపం ఒక్కటి గూడ మోగలే. ఇన్‌స్పెక్టర్ ఇంకో బండికి ఫోన్ కొట్టిండు.

"రెండు పంపుమను సారూ," అన్నది సమ్మక్క జాలీల నుంచి. "మరిపెడోళ్లు ఇంక తొవ్వల్నే ఉన్నరు."