గీకకుండా కట్టిన కట్టు

బాలసుందరం కట్టు మీద ఉప్పునీళ్లు పోసి, బట్ట తనంతట తాను వదిలేదాకా చేతులు ఒళ్లో పెట్టుకుని కూర్చున్నాడు. తిరువొత్తియూరులోని ఆ చిన్న క్లినిక్కులో ముప్ఫై ఒక్క ఏళ్లుగా పుండ్లు కడుగుతున్న మనిషికి అన్నింటికన్నా కష్టమైన పని అదే.

"గీకాలని చెయ్యి దురద పెడతా ఉండాదా అన్నా?" బల్ల మీద కాలు చాపుకున్న తాయారు అడిగింది.

"నువ్వు ఊరికే ఉండు మా."

ఫ్యాక్టరీ క్యాంటీన్‌లో ఇడ్లీ పొయ్యి దగ్గర నిలబడే పని ఆమెది. సోమవారానికి కాలు మానకపోతే ఆ చోటు ఇంకొకరిది.

ఐదు నెలల కిందట మోకాలికి జానెడు కింద మొటిమంత పుండుతో వచ్చింది. పుండంటే ఎర్రటి మాంసం కనపడేదాకా గీకాలి. ఫ్యాక్టరీ గాయాల మీద అతడు నేర్చిన విద్య అది. ఎన్నో కాళ్లను నిలబెట్టింది. ఈ పుండు మాత్రం గీకిన కొద్దీ అంచులు ఊదారంగుకి తిరిగి, పది రోజుల్లో అరచేతంత అయింది. డాక్టర్ జనని కాలు వదిలేసి కడుపు సంగతి అడిగింది. రెండేళ్లుగా విరేచనంలో నెత్తురు పడుతోందని తాయారు గోడవైపు తిరిగి చెప్పింది. పేగుల్లో వాపు జబ్బు అంది డాక్టర్. కాలి పుండు దాని తోబుట్టువు. మందు లోపలికి పడాలి, పైన గీకకూడదు.

"తప్పు నాదే మా," అన్నాడు ఆ రోజు.

"నాకు మాత్రం తెల్సా అన్నా? రేపట్నించి మెత్తంగా కట్టు."

భార్య కన్నాంబ పోయాక అతనితో అంత మెత్తగా ఎవరూ మాట్లాడలేదు. తాయారు కట్టు కోసం ఆదివారాలు కూడా తనే వచ్చి క్లినిక్కు తలుపు తీసేవాడు.

బట్ట వదిలింది. కింద ఉల్లిపొరలాంటి కొత్త చర్మం, ముడతలు ముడతలుగా. అతని వేలు దాని దాకా వెళ్లి ఆగిపోయింది.

"ఏమన్నా, ఎట్లుండాది?"

"మానింది. ముడతలుగా ఉండాది గానీ మానింది."

"ఇడ్లీ నున్నంగా ఉంటే చాలు. నా కాలెవురు చూస్తారు?"

డాక్టర్ చూసింది, మందులు ఆపొద్దని రెండుసార్లు చెప్పి, ఇక కట్టు అక్కర్లేదంది.

తాయారు సంచిలోంచి కొత్త చెప్పుల జత తీసి తొడుక్కుంది.

"సోమవారం రాన్నా, మొదటి వాయి నీకే."

"కారప్పొడి ఉంటాదా?"

"నెయ్యి కూడా పోస్తా. పో."

కమ్మీ పట్టుకోకుండా మెట్లు దిగి వెళ్లిపోయింది. మానినవాళ్లు ఈ గదికి మళ్లీ రారు. అదే ఈ పనిలో సుఖం. బాలసుందరం నవ్వుకుంటూ ట్రే కడిగి, ఊడ్వడానికి వంగాడు. బల్ల కింద, వాచిన పాదం పట్టాలని తాయారు కొని ఇన్నాళ్లూ ఆ ఒక్క కాలికే వేసుకున్న మగవాళ్ల చెప్పు పడి ఉంది, ఎడమకాలిది, మడమ దగ్గర ఒక పక్కకే అరిగి.