గుండీల డబ్బాలో సాక్ష్యం

పరాయి దేశంలో దిగిన గంటలోనే మా వదిన ఆరుగురి పాస్‌పోర్టులూ అడిగి తీసుకుని, నడుముకు కట్టుకున్న సంచిలో వేసి జిప్పు లాగేసింది. మేం ఎక్కడ పారేసుకుంటామోనని ఆవిడ భయం. స్నానాల గదిలోకి కూడా ఆ సంచితోనే వెళ్లేది. మా ఆరు ముఖాలూ ఆవిడ నడుం చుట్టూనే తిరిగేవి.

మా అన్నయ్య పాస్టరు. ఇది పది రోజుల సువార్త యాత్ర. నేను దర్జీని కాబట్టి నాకు రెండు పనులు అప్పజెప్పాడు. పగలు మందిరం కింది గదిలో నాలుగు మిషన్ల మీద అక్కడి ఆడవాళ్లకు కుట్టుపని నేర్పాలి. సాయంత్రం పై హాల్లో సభ జరిగినప్పుడు సాక్ష్యం చెప్పాలి.

దేవుడు చేసిన మేలును నలుగురి ముందు చెప్పడాన్ని మాలో సాక్ష్యం అంటారు. నాది షుగర్ సాక్ష్యం. మా ఇంట్లో ఆ జబ్బు ఆస్తిలా వచ్చింది. నాన్నకు, తర్వాత అన్నయ్యకు, ఆ తర్వాత నాకు. రెండున్నరేళ్ల క్రితం నాకు బయటపడినప్పుడు అన్నయ్య మూడు రోజులు ఉపవాసం ఉండి నా కోసం ప్రార్థన చేశాడు. రెండు నెలలకు పరీక్ష మామూలుగా వచ్చింది. మాత్రలు ఆపి చూద్దామన్నాడు డాక్టరు. ఆదివారం మైకు పట్టుకుని ఆ మాటే చెప్పాను. అందులో అబద్ధం లేదు. ఆ రోజుకు అది నిజమే.

ఏడాది తిరక్కుండానే షుగర్ మళ్లీ వచ్చింది. డాక్టరు రోజుకు రెండు మాత్రలు రాశాడు. అన్నయ్యకు చెబుదామనే వెళ్లాను. వెళ్లేసరికి బల్ల మీద కొత్త కరపత్రాలు కట్టలు కట్టి ఉన్నాయి, వాటి మీద నా ఫొటో. 'మాత్రలు మానిన సోదరి' అని పెద్ద అక్షరాలు. అన్నయ్య ముఖం వెలిగిపోతోంది. నీళ్లు నమిలి, కాఫీ తాగి వచ్చేశాను. సాక్ష్యం చెప్పడానికైతే పిలిచి మైకు ఇస్తారు. వెనక్కి తీసుకుంటానంటే ఎవరిస్తారు?

అప్పటినుంచి మాత్రలను రేకుల్లోంచి ముందే ఒలిచి, తెల్ల గుండీలున్న డబ్బాలో కలిపేసేదాన్ని. దర్జీ దగ్గర గుండీల డబ్బా ఉంటే ఎవరికి అనుమానం? ఒకసారి కంగారులో గుండీ నోట్లో వేసుకున్నాను కూడా. దానికి నాలుగు కన్నాలున్నాయి కాబట్టి బతికిపోయాను, నాలుక కనిపెట్టింది.

ఇక్కడికి వచ్చాక మొదటి సభలో నా మాటలు ముగిశాక ముందు వరసలోంచి ఒకావిడ లేచి నా రెండు చేతులూ కళ్లకు అద్దుకుంది. ఆవిడ మందిరం వంటావిడ. మాకు మూడు పూటలా వండిపెట్టి, మధ్యాహ్నం చేతులు తుడుచుకుని కుట్టు నేర్చుకోవడానికి వచ్చేది. నాకు ఆవిడ భాష రాదు, ఆవిడకు నాది రాదు. సూదిలో దారం ఎక్కించి చూపిస్తే ఆవిడా ఎక్కించేది, కుట్టు వంకర పోతే ఇద్దరం నవ్వుకునేవాళ్లం.

నాలుగో రోజు, గురువారం, ఆవిడ ఒక చిన్న చల్లటి సంచీ తెచ్చి నా చేతిలో పెట్టింది. లోపల ఇన్సులిన్ ఇంజెక్షన్లు. పక్కనే ఉన్న అనువాదకుడు సంబరంగా చెప్పాడు:

"మీ సాక్ష్యం విన్న రోజునుంచే మానేసిందంటండీ. ఇక అక్కర్లేదంట. గుర్తుగా మీరే ఉంచుకోమంటోంది."

అంటే మూడు రోజులైంది. నేను మాత్రలేసుకుని ఆవిడ ఎదురుగా నిక్షేపంగా తిరుగుతుంటే, ఆవిడ నన్ను చూసి సూది మానేసింది.

"ముందు డాక్టరు దగ్గరికి వెళ్లమని చెప్పు బాబూ. వెంటనే వెళ్లాలని చెప్పు."

అతను నసిగాడు. "మీరే అలా అంటే బావుండదేమోనండీ. పాస్టరుగారినొకసారి అడిగి చెబుతా."

అడిగాడు, మహానుభావుడు. అన్నయ్య పరుగులాంటి నడకతో వచ్చాడు. ఆ మధ్య కుడికాలు కాస్త ఈడుస్తున్నాడు. షూ కరిచిందన్నాడు.

"ఆదివారం సభలో నీ పక్కనే ఆవిడా సాక్ష్యం చెబుతుంది. దేవుడు మనల్ని ఇంత దూరం ఎందుకు తెచ్చాడో ఇప్పుడు తెలిసింది!"

"అన్నయ్యా, డాక్టరుకి ఒకసారి చూపిస్తే..."

"నువ్వా ఈ మాట అనేది?" కోపంగా అనలేదు. బెంగగా అన్నాడు.

ఆ సాయంత్రం వంటగది ఫ్రిజ్జులో ఆ సంచీని మళ్లీ పెట్టి, ఆవిడకు చూపించి, పొట్టలో పొడుచుకున్నట్టు సైగ చేశాను. ఆవిడ పకపకా నవ్వింది. నేనేదో పరీక్ష పెడుతున్నాననుకుందేమో! సంచీ తీసి మళ్లీ నా చంకలో పెట్టి, పైకి వేలు చూపించింది. చేతులెత్తి దండం పెట్టాను. ఆవిడా పెట్టింది.

శుక్రవారం వదిన దగ్గరికి వెళ్లాను.

"వదినా, నా పాస్‌పోర్టు ఒకసారి ఇవ్వవూ?"

"ఎందుకమ్మాయ్? ఎక్కడికి పోతావ్?"

నిజమే, ఎక్కడికి పోతాను? బయట గేటుకు తాళం, రోడ్డు మీద ఒక్క బోర్డు చదవలేను. ఆస్పత్రి ఎటో అడగడానికి కూడా ఆ అనువాదకుడే దిక్కు. వదిన నా ముఖం చూసి ఏమనుకుందో, మాట మార్చింది.

"నీ దగ్గర మెత్తటి గుడ్డేమైనా ఉందా? మీ అన్నయ్య కాలికి కట్టాలి."

మూడోసారి అడగడం. మల్లుగుడ్డ పట్టీలుగా చింపి ఇచ్చాను. నా మనసంతా వంటావిడ మీదే ఉంది.

శనివారం ఆవిడ పెదవులు ఎండి పగిలాయి. పెద్ద సీసా పక్కన పెట్టుకుని గటగటా తాగుతూ, నిమిషానికోసారి బయటికి పరుగెత్తింది. దిండు గలీబు కుడుతూ కుడుతూ మిషను మీదే తల వాల్చేసింది. నేను లేపితే నన్ను చూసి నవ్వింది. ఆ నవ్వు చూసి నా మీద నాకే అసహ్యం వేసింది. ఆవిడకు ఏమైనా అయితే సూది మాన్పించింది నేనే. ఇక ఎవరి గౌరవం కాపాడాలి? ఎవరి కరపత్రం కోసం?

ఆదివారం హాలు నిండిపోయింది. రెండు పాటలయ్యాక అన్నయ్య నన్ను పిలిచాడు. వంటావిడ అప్పటికే ముందు కుర్చీలో నీళ్ల సీసా పట్టుకుని, కళ్లు బరువుగా వాల్చి కూర్చుంది. నేను బైబిలుతో పాటు గుండీల డబ్బా, ఫ్రిజ్జులోంచి తీసిన ఆ చల్లటి సంచీ కూడా తీసుకెళ్లాను.

"నా షుగర్ తగ్గింది, నిజమే. కానీ ఏడాదిన్నర క్రితం మళ్లీ వచ్చింది. అప్పటినుంచి రోజూ మాత్రలు వేసుకుంటున్నాను. ఎవరికీ చెప్పలేదు."

అనువాదకుడు నోరు తెరిచి, అన్నయ్య వైపు చూసి, మూసేశాడు. అన్నయ్య కదల్లేదు. వేదిక దిగి వంటావిడ ముందుకు వెళ్లాను. డబ్బా మూత తీసి, గుండీల్లోంచి ఒక మాత్ర ఏరి, వేళ్ల మధ్య పట్టుకుని ఆవిడకు చూపించాను. ఆవిడ చేతిలోని సీసా తీసుకుని, ఆవిడ కళ్ల ముందే మింగాను. తర్వాత ఆ చల్లటి సంచీ ఆవిడ ఒళ్లో పెట్టాను.

దానికి అనువాదం అవసరం రాలేదు. ఆవిడ డబ్బా వైపు చూసింది, నా గొంతు వైపు చూసింది. తర్వాత ఏదో ఒక్క మాట అంది. అదేమిటో ఎవర్నీ అడగలేదు, ముఖం చూస్తే తెలుస్తూనే ఉంది. సంచీ తీసుకుని, కుర్చీలు పట్టుకుంటూ నడుచుకుంటూ వెళ్లిపోయింది. నేను వెనకాలే వెళ్లాను. వంటగదిలో గోడకు ఆనుకుని ఇంజెక్షన్ చేసుకునేదాకా గుమ్మంలోనే నిలబడ్డాను. ఆవిడ నా వైపు తిరగలేదు. కాసేపటికి వాళ్ల అక్క వచ్చి ఆస్పత్రికని బండిలో ఎక్కించుకుపోయింది.

సభ ఎలా ముగించాడో తెలియదు గానీ, నేను పైకి వెళ్లేసరికి అన్నయ్య గదిలో మంచం మీద కూర్చుని ఉన్నాడు. వదిన కిటికీ దగ్గర నిలబడి ఉంది. తిడతాడనుకున్నాను. తిడితే పడదామనే వెళ్లాను.

"ఏడాదిన్నరా?" అన్నాడు.

"ఊఁ."

"నాకెందుకు చెప్పలేదే?"

"నీ ముఖం చిన్నబోతుందని."

అన్నయ్య వంగి కుడికాలి షూ విప్పాడు. మేజోడు మెల్లగా లాగాడు. గదంతా ఒక వాసన వచ్చింది. వేళ్లకు చుట్టి ఉన్నది నేను చింపిచ్చిన మల్లుగుడ్డే. అది తడిసి, నల్లగా, చర్మానికి అంటుకుపోయింది.

"నువ్వు సాక్ష్యం చెప్పిన ఆదివారమే ఇంటికెళ్లి నా మాత్రలు చెత్తబుట్టలో పారేశాను," అన్నాడు. "నీకు తగ్గినప్పుడు నాకు తగ్గదా అనుకున్నా. పూర్తిగా తగ్గాక నేనూ సాక్ష్యం చెబుదామని చూస్తున్నా."

"వదినా, నీకు తెలుసా?"

"ఒట్టు వేయించుకున్నారు," అంది వదిన. రెండేళ్లకు పైగా బిగబట్టుకున్న ఏడుపంతా అప్పుడు బయటపడింది.

నేను నేల మీద కూలబడి అన్నయ్య కాలు నా ఒళ్లోకి తీసుకున్నాను. చిన్నప్పుడు నాకు ముల్లు గుచ్చుకుంటే ఇలాగే తీసేవాడు. పట్టీ విప్పుదామని కొస పట్టుకుంటే ఊడి రాలేదు. అన్నయ్యకు నొప్పి కూడా తెలియలేదు.

వదిన నడుం నుంచి సంచి విప్పింది. ఆ యాత్రలో ఆవిడ అది విప్పగా చూడడం అదే మొదటిసారి. ఆరు పాస్‌పోర్టులూ మంచం మీద గుమ్మరించి, ఒక్కొక్కటే తెరిచి అన్నయ్యది వెతుకుతోంది.

"ఆస్పత్రిలో అడుగుతారు కదా," అంటోంది. "అడుగుతారు కదమ్మాయ్?"

ముందుగా నా ఫొటో ఉన్నది దొరికింది. దాన్ని నా చేతిలో పెట్టేసి, మళ్లీ వెతకసాగింది.