వదిన పాస్‌పోర్టు మీద నల్ల సిరా

ఓడ టికెట్లు ఇంట్లోకి వచ్చినప్పటి నుంచి నాకు కుదురు లేదు. కూర్చుంటే లేవాలనిపించేది. లేస్తే బీరువా తెరవాలనిపించేది. తెరిచాక మా ఇద్దరి కాగితాలూ ఉన్నాయని చూసుకుని, ఉన్న చోటు నచ్చక ఇంకో చోట పెట్టేదాన్ని.

"కాలుగాలిన పిల్లిలా ఆ తిరుగుడేమిటే? కాగితాలకు కాళ్ళుంటాయా?" అనేది వదిన.

"దొంగలకు ఉంటాయి కదా."

"మనింటికొచ్చే దొంగ నా పాస్‌పోర్టు ఏం చేసుకుంటాడు? నా మొహం తగిలించుకుని తిరుగుతాడా?"

వదిన అంటే మా ఆయన అక్క. ఆయన పోయాక ఇద్దరం ఒకే ఇంట్లో ఉంటున్నాం. ఆడబిడ్డ అర్ధమొగుడంటారు. అసలు మొగుడు పోయాడు, ఈ సగంతో సర్దుకుంటున్నానని నేనంటే, "మంచి సగమే మిగిలింది, సంతోషించు" అంటుంది.

రేవు వెనక సందులో ఒక పెద్ద లాండ్రీ ఉంది. ఓడ ఒడ్డుకు రాగానే దాని దుప్పట్లు, గలీబులు, బల్లగుడ్డలు మూటలు మూటలుగా అక్కడికొస్తాయి. ఓడ మళ్ళీ కదిలేలోపు ఉతికి, ఆరబెట్టి, ఇస్త్రీ చేసి పంపాలి. వదిన వయసంతా అక్కడి ఆవిరి ఇస్త్రీ యంత్రం ముందే గడిచింది. దుప్పటి ఒక కొస ఆమె పట్టుకుంటే రెండో కొస ఎవరెవరో పట్టుకునేవారు. వాళ్ళు మారిపోయారు, ఈమె మాత్రం మారలేదు. ఓడలు కిటికీలోంచి కనిపించేవి. ఒక్కదాని లోపలికీ ఎన్నడూ అడుగు పెట్టలేదు.

పని మానేసే రోజున యజమాని రెండు టికెట్లు చేతిలో పెట్టాడు. ఓడ కంపెనీవాళ్ళు ఆయనకిచ్చినవి. ఆయనకు నీళ్ళంటే కడుపులో తిప్పుతుందట. వదిన ఇంటికొచ్చి చెప్పులు కూడా విప్పకుండా చెప్పింది.

"ఒక్కసారి ఆ మంచం మీద పడుకోవాలే. పక్క ఎవరో వేయాలి, నేను పడుకోవాలి. తర్వాత నన్ను సముద్రంలో పడేసినా సరే."

ఆ మాట విన్న దగ్గర్నుంచే నా పీకులాట మొదలైంది. ఇంతగా ఆశ పెట్టుకున్న మనిషిని ఒక కాగితం లేదని వెనక్కి పంపిస్తే?

టికెట్ల మీద మా పేర్లు వేయించడానికి ట్రావెల్ ఏజెంటు దగ్గరికి వెళ్ళాం. తాళంచెవులు చేసే కొట్టు పక్కన ఇరుకు గది. ఆయన ఒక్కో వేలూ ముడుస్తూ చెప్పాడు.

"చూడండమ్మా, రెండు దార్లున్నాయి. ఒకటి పాస్‌పోర్టు. అది లేకపోతే ఫొటో కార్డు, దాంతోపాటు పుట్టిన తేదీ సర్టిఫికెట్. ఓడ ఇక్కడే బయల్దేరి ఇక్కడికే వస్తుంది కాబట్టి రెండోదీ నడుస్తుంది. ఏదైనా ఒరిజినలే. జిరాక్సు చూపిస్తే గేటు కూడా దాటనివ్వరు."

"రెండూ పట్టుకెళ్తే?" అన్నాను.

"పట్టుకెళ్ళండి. చూపించేది మాత్రం ఒకటే. రెండూ చూపిస్తే రెండింటిలో తప్పులు వెతుకుతారు. ఇంకో మాట. పెట్టెలు రేవు దగ్గరే కూలీలు తీసుకుపోతారు, సాయంత్రానికి గానీ గదికి చేరవు. కాగితాలు పెట్టెలో పెట్టారనుకోండి, అవి ఓడలో ఉంటాయి, మీరు ఒడ్డున ఉంటారు."

దారిలో వదిన నవ్వుతూనే ఉంది. నాకు మాత్రం చేతిసంచి అప్పుడే ఎవరో లాగుతున్నట్టు అనిపించింది.

ఇంటికొచ్చి కాగితాలన్నీ భోజనాల బల్ల మీద పరిచాం. నావి సరిగ్గానే ఉన్నాయి. వదినవే తిరకాసు. కార్డు మీద పుట్టిన సంవత్సరం ఒకటి, సర్టిఫికెట్ మీద ఇంకొకటి. ఆమె పుట్టినప్పుడు ఎవరూ ఏదీ రాసి పెట్టలేదు. పెద్దయ్యాక ఒక్కో ఆఫీసులో ఒక్కో గుమాస్తా మొహం చూసి తోచింది వేశాడు. నేను చదివి వినిపిస్తే వదిన పడీ పడీ నవ్వింది.

"ఈ కార్డు ప్రకారం నేను నీ మొగుడికంటే చిన్నదాన్ని. వాడికి తెలిసుంటే అక్కా అనడం మానేసేవాడు."

"నవ్వులాట కాదు వదినా. ఈ రెండూ పక్కపక్కన పెడితే ఎవరైనా పట్టుకుంటారు. పాస్‌పోర్టే గతి."

"గతి ఏమిటే, దర్జాగా పాస్‌పోర్టు అను."

దాంట్లో ఫొటో ఉన్న పేజీకి ప్లాస్టిక్ పొర ఉంది. దాని ఎదురు పేజీలో సంతకం చోటు. అది వట్టి కాగితం. అక్కడ వదిన వేలిముద్ర ఉంది. వేలిముద్ర అన్న మాటేగానీ గీత ఒక్కటి కనిపించదు. బట్టల సోడాలోనూ ఆవిరిలోనూ నాని నాని ఆమె వేళ్ళు గాజుబిళ్ళల్లా నున్నబడ్డాయి. చూస్తే సిరా చుక్క జారిపడ్డట్టుంది.

"ఇది నా వేలని ఎవరు నమ్ముతారే? మరకలా ఉంది," అంది వదిన.

"నమ్మబట్టే కదా స్టాంపు కొట్టారు," అని పుస్తకం మూసేశాను.

ఆ తర్వాత దాన్ని దాచడం నా పని అయింది. బీరువాలో చీరల కింద పెట్టాను. బీరువా అయితే దొంగ ముందు చూసేది అదే అని పిండి డబ్బాలో పెట్టాను. పురుగు పడుతుందేమోనని దిండు గలీబులోకి మార్చాను. ఒక పొద్దున ఎక్కడ పెట్టానో నాకే గుర్తు రాలేదు. దిండ్లు దులిపాం, డబ్బాలు బోర్లించాం. వదిన మొహంలో నవ్వు పోవడం ఆ పొద్దున్నే మొదటిసారి చూశాను. చివరికి చలికాలపు కంబళి మడతలో దొరికింది.

"పోయుంటే ఎట్లా వదినా, పోయుంటే?" అని నేను ఆ రోజంతా అదే పాట పాడాను. ఆ పాటే కొంప ముంచింది.

మర్నాడు నేను బజారు నుంచి వచ్చేసరికి వదిన బల్ల దగ్గర కూర్చుని పాస్‌పోర్టు మీద ఊదుతోంది.

"ఇంక నీకు దిగుల్లేదు, చూడు."

చూశాను. వేలిముద్ర కింద, లావు నల్లటి అక్షరాలతో, ఆమె పేరు. ఆ అక్షరాలు నేను నేర్పినవే. సాయంత్రం బడిలో ముసలితనాన నేను నేర్చుకున్నవి ఇంటికొచ్చి ఆమెకు ఒక్కోటీ దిద్దించాను. ఎంత కుదురుగా రాసిందంటే, ఇంకెక్కడైనా అయితే మెచ్చుకునేదాన్ని. పేరు పక్కన ఒక చిన్న సున్నా, దాని కడుపులో గీత. లాండ్రీలో ఆమె మూటలకు వేసే గుర్తు.

పుస్తకం చేతిలోకి తీసుకున్నాను. "దేంతో రాశావు?"

"బట్టలకు గుర్తు పెట్టే పెన్నుతో. యజమాని ఒకటి ఉంచుకోమన్నాడు. ఇప్పుడిది ఎక్కడ పోయినా నాదేనని తెలుస్తుంది. గుర్తు వేయని దుప్పటి ఎవరిదైనా అవుతుందే. ఎన్ని చూడలేదు?"

"వదినా, పాస్‌పోర్టు మీద ఎవరూ ఏమీ రాయకూడదు."

"నా దాని మీద నేను కూడానా?"

"నువ్వు కూడా. అది సర్కారుది. నీ దగ్గర ఉంటుంది, అంతే."

వదిన పుస్తకం కేసి, పెన్ను కేసి చూసింది. తర్వాత మెల్లగా కుర్చీలో వెనక్కి వాలింది. కాఫీ మరక, నూనె మరక, పెదాల రంగు, తుప్పు, దేన్నైనా గుడ్డ మీంచి దింపగల మనిషి. ఆ పెన్ను సిరా మరిగే సోడాకు కూడా లొంగదని ఆమెకు తెలిసినంతగా ఎవరికీ తెలియదు. అందుకే దాంతో రాసింది.

"నిమ్మకాయ?" అన్నాను.

"కాగితం పోతుంది, సిరా ఉంటుంది."

కొత్తది తీయించడానికి వ్యవధి లేదు. ఏజెంటుకు ఫోన్ చేద్దామంటే వదిన వద్దంది. "వద్దంటాడు. ఇప్పుడే వద్దనిపించుకోవడం దేనికి? రేవులోనే అనిపించుకుందాం. అక్కడిదాకా వెళ్ళినట్టయినా ఉంటుంది."

బయల్దేరే పొద్దున అన్ని కాగితాలూ ఒక ప్లాస్టిక్ కవరులో పెట్టి, కవరు చేతిసంచిలో పెట్టి, సంచి మెడలో వేసుకుని, పైన స్వెటరు తొడిగాను. ఏది చూపించాలో దారి పొడుగునా తేలలేదు. మచ్చ పడ్డ పాస్‌పోర్టా, మాట కలవని జంట కాగితాలా? బస్సులో ఒక స్టాపుకు ఇది అనుకుంటే తర్వాతి స్టాపుకు అది.

"చిన్నపిల్ల గీసిందని చెబుదాం," అన్నాను చివరికి.

"ఏ చిన్నపిల్ల? మనింట్లో పిల్లి కూడా లేదు."

"పక్కింటి పిల్ల అందాం."

"పక్కింటి పిల్లకు నా పేరు రాయడం వచ్చా? నాకే మొన్న వచ్చింది."

రేవులో కూలీ పెట్టెలు అడిగాడు. ఇచ్చేశాం. బండి మీద అవి లోపలికి వెళ్ళిపోతుంటే, మాకంటే మా బట్టలకే ఓడ ఎక్కే భాగ్యం ముందు పట్టిందని వదిన అంది. నాకు నవ్వు రాలేదు. పొడవాటి షెడ్డులో తాళ్ళు కట్టిన వరసల మధ్య జనం మెల్లగా కదులుతున్నారు. నేను మెడ దగ్గర తడుముకుంటూనే ఉన్నాను.

బల్ల దగ్గరున్న అమ్మాయి నా పాస్‌పోర్టు చూసి, ఫొటో తీసి, గది కార్డు ఇచ్చింది. తర్వాత వదిన వైపు చెయ్యి చాపింది. నా వేళ్ళు కవరులో ఇంకా అటూ ఇటూ తచ్చాడుతున్నాయి. వదిన నా చేతిలోంచి కవరు లాక్కుని, పాస్‌పోర్టు తీసి, తనే ఆ పేజీ తెరిచి బల్ల మీద పెట్టింది.

"ఇది నేనే రాశానమ్మా. రాయకూడదని తర్వాత తెలిసింది," అంది.

అమ్మాయి ఒకసారి పేజీ చూసి, ఒకసారి వదినను చూసి, చెయ్యెత్తి అధికారిని పిలిచింది. తెల్ల చొక్కా ఆయన వచ్చాడు. పేజీని దీపం కింద వంచి చూశాడు.

"ఈ సున్నా ఏమిటి?"

"నా గుర్తండీ. లాండ్రీలో నా మూటలకు వేసేది."

"ఏ లాండ్రీ?"

వదిన వెనక్కి, రేవు గోడ అవతలికి చెయ్యి చూపించింది. "మీ ఓడ దుప్పట్లు ఉతికేదే."

ఆయన మొహంలో ఏమీ మారలేదు. "వేరే కాగితాలున్నాయా?"

ఉన్నాయి అనబోయి నేను నాలుక కరుచుకున్నాను. వదిన ఇచ్చేసింది. ఆయన చదివాడు. "ఇందులో ఒక సంవత్సరం, ఇందులో ఇంకో సంవత్సరం. ఏది నిజం?"

"ఏమోనండీ. నేను అక్కడే ఉన్నాను గానీ, నాకప్పుడు లెక్కలు రావు."

అమ్మాయి తల వంచుకుంది. ఆయన నవ్వలేదు. పక్కన కూర్చోమని చెప్పి, పాస్‌పోర్టు తీసుకుని తలుపు వెనక్కి వెళ్ళిపోయాడు.

ఆ బెంచీ మీద కూర్చోవడం నా వల్ల కాలేదు. తలుపు దాకా వెళ్ళి వచ్చాను, మళ్ళీ వెళ్ళాను. వరస సన్నబడుతోంది. తాళ్ళు ఒక్కొక్కటీ విప్పి చుడుతున్నారు.

"నువ్వెళ్ళు, నీకు కార్డిచ్చేశారుగా," అంది వదిన.

"నువ్వు లేకుండా నేనెందుకు?"

"పెట్టెలు ఒంటరిగా పోయాయి, వాటికైనా తోడుండు." అని ఆ నున్నటి వేళ్ళతో ఒళ్ళో బట్ట మడత సర్దుకుంటూ కూర్చుంది. సర్దిన మడతనే మళ్ళీ సర్దింది. ఆ చేతులు ఖాళీగా ఆడటం నేనెన్నడూ చూడలేదు.

తలుపు తెరుచుకుంది. ఆయన నిలబడే చెప్పాడు. "నంబరు సరిపోయింది, కంప్యూటర్లో ఫొటో కూడా సరిపోయింది. ఓడ ఇక్కడికే తిరిగొస్తుంది కాబట్టి ఎక్కనిస్తున్నాం. కానీ నడుమ ఆగే రేవులో ఈ పుస్తకాన్ని ఒప్పుకోరు. మీరు అక్కడ దిగకూడదు. తిరిగొచ్చేదాకా ఇది ఓడ ఆఫీసులోనే ఉంటుంది. వచ్చాక కొత్తది తీయించుకోవాలి. ఒప్పుకుంటే ఇక్కడ సంతకం పెట్టండి."

వదిన పెన్ను తీసుకుంది. అక్షరాలు ఒకదాని మీదొకటి పడ్డాయి. పాస్‌పోర్టులో ఉన్నవాటికీ వీటికీ పోలికే లేదు. ఆయన రెండింటినీ చూశాడు, కాగితం మడిచి జేబులో పెట్టుకుని, "త్వరగా వెళ్ళండి, ఓడ మెట్లు తీసేస్తున్నారు," అన్నాడు.

మర్నాడు పొద్దున ఓడ నడుమ రేవులో ఆగింది. అందరూ టోపీలు పెట్టుకుని దిగుతున్నారు. నేను మంచం అంచున కూర్చున్నాను.

"దిగవేం?" అంది వదిన.

"నీకు లేనిది నాకెందుకు?"

"వద్దమ్మా. ఇవాళ నాకోసం ఉండిపోతావు, ఆ ముక్క చచ్చేదాకా నాకు వినిపిస్తావు. వెళ్ళు."

దిగాను. ఎత్తు గోడల వీధి, చేపల బజారు, బొమ్మల కొట్లు. రెండు మలుపులు తిరిగానో లేదో వెనక్కి చూడటం మొదలుపెట్టాను. మూడో మలుపులో ఓడ కనబడలేదు. నన్ను వదిలి పోయిందేమోనన్నంత కంగారు పుట్టింది. మెడలో సంచి తడుముకుంటూ వచ్చిన దారినే దాదాపు పరుగెత్తాను. గేటు దగ్గర మనిషి నా పాస్‌పోర్టు తెరిచి, "అప్పుడేనా?" అన్నాడు.

గది తలుపు తెరిచేసరికి వదిన మంచం మీద లేచి కూర్చుంది. చెంప మీద దిండు మడత అచ్చు పడి ఉంది.

"అప్పుడే వచ్చావేం? ఏం చూశావు?"

"ఓడని."

"ఓసి నీ ఇల్లు బంగారంగానూ. ఎలా ఉంది బయటినుంచి?"

"పెద్దదే. మన కిటికీ ఏదో పోల్చుకున్నాను. నువ్వు నిలబడి ఉంటావేమోనని చూశాను, కనబడలేదు."

"ఎవరో వేసిన పక్క మీద నిద్రపోయానే," అంది వదిన.