కళ్ళు మూసుకుని ఎత్తిన చెయ్యి

చేవెళ్ల నుంచి మొయినాబాద్ పోయే దారిలో మా మెథడిస్టు చర్చి జాతర మైదానం ఉంది. ఉండేది అనాలి. భూమి పోయాక మిగిలేది భూతకాలమే.

తాతల నాడు ఆలూరు, షాబాద్ వైపుల నుంచి జనం ఎడ్లబండ్ల మీద వచ్చి, ఏటా వారం పాటు కొమ్మలతో గుడిసెలు వేసుకుని ప్రార్థనలు చేసుకునేవారు. తర్వాత గుడిసెల చోట షాబాద్ బండలతో ఇరవై నాలుగు కాటేజీలు లేచాయి. కాటేజీ అంటే పెద్దగా ఊహించుకోకండి. ఒక గది, ఒక అరుగు, గదికి మించిన చుట్టాలు. ఏడో నంబరు మాది. తాత బండలు మోస్తే, మా అమ్మ కరుణమ్మ తమ్ముణ్ణి చంకనెత్తుకుని మట్టి తొక్కింది. ఆ తమ్ముడి పేరు కృపాకర్. తాత ఒకే అర్థాన్ని ఇద్దరికీ పంచాడు గానీ, ఒక్కరికే అంటింది.

కృపాకర్ మామే ఇప్పుడు మైదానం కమిటీ సెక్రటరీ. సీక్రెటరీ అని మాకు ఆలస్యంగా తెలిసింది.

పోయిన జాతరలో చివరి ప్రార్థనకు మామ వేదిక ఎక్కాడు. వచ్చే వారం తనకు గుండె ఆపరేషన్ అని చెప్పి, అందరినీ కళ్ళు మూసుకోమన్నాడు. మా పద్ధతే అది. వేదిక మీది మనిషి అడిగినదానికి మనసొప్పితే చెయ్యెత్తుతాం. పక్కవాళ్ళు ఎత్తారో లేదో ఎవరూ చూడరు. తన కోసం, మైదానం కోసం, దేవుడు చూపే కొత్త దారి కోసం ఎత్తమన్నాడు. నేను రెండు చేతులూ ఎత్తాను. పొదుపు నాకు చేతకాదు.

మూడు నెలలకు ఏడో నంబరు గోడకు నోటీసు అంటింది. మైదానం వెంచరుకు ఇచ్చారట, ఆదివారంలోగా ఖాళీ చేయాలట. వెంచరు కాదు, వంచన. వాళ్ళకు ప్లాట్లు, మాకు పాట్లు. మామ ఇంటికి కారు నడుపుతూ ఇలాంటివి ఎన్ని అన్నా అమ్మ నవ్వలేదు. తాను అడిగితే తమ్ముడు ఆపేస్తాడని ఆమె నమ్మకం.

మామ చాయ్ ఇప్పించి, ఫోన్ తీసి వీడియో చూపించాడు. మూసిన కళ్ళు, లేచిన చేతులు. సభ్యులందరూ ఒప్పుకున్నారని తీర్మానానికి అదే సాక్ష్యమట. ముందు వరసలో అందరికంటే పైకి లేచిన చెయ్యి అమ్మది.

“నువ్వు గూడ ఒప్పుకున్నవు గదా అక్కా,” అన్నాడు.

అమ్మ ఫోన్ దగ్గరికి లాక్కుని ఆ చేతినే చూసింది.

“నీ ఆపరేషన్ మంచిగ కావాలని ఎత్తిన తమ్మీ. మేమంత కండ్లు మూస్కుంటే, నువ్వు ఫోన్ పట్టుకున్నవా?”

చాయ్ చల్లారుతోందన్నాడు మామ.

ఆదివారం ఇరవై నాలుగు ఇళ్ళవాళ్ళం ఏడో నంబరు ముందు చేరాం. గేటు బయట జేసీబీ ఆగి ఉంది. మామ రాలేదు. పాస్టరుగారు కళ్ళు మూసుకోమంటే అలవాటుగా మూసుకున్నాను. మధ్యలో ఎందుకో తెరిచాను.

అమ్మ కళ్ళు తెరిచే ఉన్నాయి. చేతులు రెండూ కొంగులో చుట్టుకుని, వరసలో ఒక్కొక్కరి ముఖమే చూస్తోంది. ఏదో ఒకటి అని నవ్విద్దామనుకున్నాను.

“నువ్వు మూస్కో కొడుకా,” అంది మెల్లగా. “నేను చూస్తుంట.”