రెండంతస్తుల మధ్య

ఇనుప గ్రిల్లు తలుపు బరబరా లాగి మూసి, ఇత్తడి పిడిని కుడివైపుకి తిప్పాడు లిఫ్టు బాబాయ్. ముసలి లిఫ్టు ఓసారి మూలిగి, నలుగురు గుమాస్తాలనీ, ఓ టీ కెటిలునీ, తాడుతో కట్టిన ఫైళ్ళ మూటనీ మోసుకుంటూ పైకి బయల్దేరింది.

"మూడు, బాబాయ్" అంది ఒక గొంతు.

"నాకు ఐదు" అంది ఇంకో గొంతు.

ఆయన తలాడించాడు గానీ వెనక్కి తిరగలేదు.

తిరగకూడదు మరి. ఉద్యోగంలో చేరిన రోజునే అప్పటి ముసలి లిఫ్టు మనిషి నేర్పిన మొదటి పాఠం అది. మొహం తలుపుకి, వీపు జనానికి. ఎక్కినవాళ్ళు మాట్లాడుకుంటే వినపడనట్టుండాలి. వాళ్ళంతట వాళ్ళు పలకరిస్తే తప్ప నోరు విప్పకూడదు. ఈయన ఎంత బుద్ధిగా నేర్చుకున్నాడంటే, ఆ సచివాలయంలో దేశాన్ని బాగుచేయడం గురించి ఇన్నేళ్ళుగా నడిచిన మాటలన్నీ ఆయన వీపుకే తెలుసు. రోడ్లు, ఆనకట్టలు, బడులు, ఆసుపత్రులు, కమిటీలు, ఆ కమిటీలు ఏం చేశాయో చూడ్డానికి వేసిన ఇంకో కమిటీలు, అన్నీ ఆయన వెనకాల నిలబడే పైకెళ్ళాయి. కొన్ని కిందికి దిగాయి. కొన్ని పైనే ఉండిపోయాయి. అవేమయ్యాయంటే ఆయనేం చెప్తాడు, పాపం!

సన్నటి మనిషి. ప్రభుత్వం వారిచ్చిన నీలం చొక్కా, మోచేయి దగ్గర పలచబడి లోపలి చర్మం కనిపిస్తుంది. పిడి తిప్పీ తిప్పీ కుడి అరచేతిలో కాయ కాచింది. నోట్లో నాలుక లేని మనిషని అంతస్తులన్నిటా పేరు. "ఇంట్లో కూడా గోడవైపు తిరిగే కూర్చుంటావేమయ్యా, నేనేమన్నా నీ లిఫ్టెక్కానా?" అని భార్య దెప్పేది.

ఇప్పుడావిడ దెప్పడం లేదు. పక్షవాతం వచ్చి ఒకవైపంతా పడిపోయింది. మాట ముద్దముద్దగా వస్తుంది, అదీ ఎప్పుడో. పొద్దున్నే ఆయన ఆవిడ ఒళ్ళు తుడిచి, తినిపించి, పక్క సర్ది, పక్కింటావిడకి తాళంచెవి ఇచ్చి వస్తాడు. పక్కింటావిడ మంచిదే. కానీ మధ్యాహ్నం ఓసారి తొంగిచూసి పోతుంది. అంతకన్నా ఏం చేస్తుంది, ఆవిడకి మాత్రం సంసారం లేదా? మొన్న ఆయన ఇంటికెళ్ళేసరికి భార్య మంచం మీంచి జారి, నేలమీద చెంప ఆనించి పడుకుని ఉంది. ఎంతసేపట్నుంచి అలా ఉందో!

ఒక్కతే కూతురు. రైల్లో ఓ రాత్రంతా కూర్చుంటే గానీ చేరలేని ఊళ్ళో, ప్రభుత్వాసుపత్రిలో నర్సు. ఊరివాళ్ళందరి తల్లులకీ పక్కలు మార్చే తను కన్నతల్లిని చూసుకోలేకపోతున్నానని ఫోనులో ఏడుస్తుంది. బదిలీకి పెట్టుకుంది. వెనకటి రోజులైతే ఎవరివో ఒకరివి కాళ్ళు పట్టుకునేవాళ్ళు. ఇప్పుడు సంస్కరణలొచ్చాయి. బదిలీలన్నీ కంప్యూటరే చూసుకుంటుంది. సిఫార్సుల్లేవు, లంచాల్లేవు. మంచి పనే, ఎవరు కాదంటారు! కానీ మంచాన పడ్డ మనిషిని చూసుకోవడానికి ఇంట్లో ఇంకెవరైనా ఉన్నారా అని ఆ కంప్యూటరు అడిగింది. ఉన్నాడు, మా నాన్న ఉన్నాడు, అని నిజం చెప్పింది పిచ్చిపిల్ల. అంతే, బదిలీ లేదు పొమ్మంది. ఆ నాన్న పొద్దున్నుంచి సాయంత్రందాకా లిఫ్టులో ఉంటాడని చెప్పుకోవడానికి అందులో చోటే లేదట.

ఆ ఏర్పాటంతా పెద్దమేడమ్‌ది. పై అంతస్తులో కూర్చుంటుంది. ముక్కుసూటి మనిషి. సొంత తమ్ముడు బదిలీ అడిగినా కుదరదందని చెప్పుకుంటారు. అయితే నిజమైన కష్టమని తోస్తే కంప్యూటరు కాదన్నదాన్ని కూడా ఔననే అధికారం ఆవిడకి ఉంది. ఇవాళే ఆవిడకి ఆ కుర్చీలో ఆఖరి రోజు. వేరే శాఖకి వెళ్ళిపోతోంది. ఈ ఏటి బదిలీలు కూడా ఇవాళ సాయంత్రంతో మూసేస్తారు.

"నాన్నా, ఇవాళైనా అడుగు" అంది కూతురు పొద్దున ఫోను చేసి. "రోజూ నీ లిఫ్టులోనేగా ఎక్కేది ఆవిడ! రెండు ముక్కలు నాన్నా, అమ్మ పడిపోయిందని చెప్పు, చాలు."

"సరేనమ్మా" అన్నాడు. ఎన్నాళ్ళుగానో అంటున్నాడు.

గదికి వెళ్ళి అడుగుదామని కూడా చూశాడు ఓసారి. మేడమ్ అటెండరు నవ్వాడు. "ముందుగా టైము తీసుకోవాలి బాబాయ్. అయినా నీకెందుకయ్యా ఈ తిప్పలు, రోజూ నీ వెనకాలే నించుంటారు కదా!"

ఇవాళ పొద్దున మేడమ్ వచ్చింది. వెంట ఇద్దరు అధికార్లు. ఆవిడ చెప్పుల చప్పుడు ఆయనకి తెలుసు.

"ఈ లిఫ్టు కూడా మార్చేయాలి మేడమ్. మీట నొక్కితే వెళ్ళిపోయేవి వచ్చాయి కదా" అన్నాడొక అధికారి.

"ఫైలు మీద సంతకం పెట్టేశాను. మనుషుల్ని మాత్రం ఇంటికి పంపొద్దని రాశాను, వేరే పని చూపిస్తారు" అంది మేడమ్.

లిఫ్టులో ఆ మనిషి ఉన్నట్టే ఎవరికీ గుర్తులేదు. బాబాయ్ పై అంతస్తులో తలుపు తీసి పక్కకి ఒదిగాడు.

మధ్యాహ్నం ఆవిడ ఒక్కతే ఎక్కింది. ఆయన ప్రాణం లేచొచ్చింది. ఊపిరి కూడదీసుకుని "మేడమ్" అనబోయేంతలో ఆవిడ ఫోను మోగింది. కిందికి దిగేదాకా "ఊఁ... ఊఁ..." అంటూనే ఉంది. ఆయన అన్న "మే" గాల్లోనే పోయింది.

సాయంత్రం పై అంతస్తు హాల్లో వీడ్కోలు సభ అయింది. చప్పట్లు లిఫ్టు గుంటలోంచి కిందిదాకా వినిపించాయి. అటెండరు పెట్టెలు మోసుకుని ముందే మెట్లమీంచి దిగి కారు దగ్గరికి వెళ్ళిపోయాడు. పైనుంచి బెల్లు మోగింది. బాబాయ్ వెళ్ళేసరికి తలుపు ముందు మేడమ్ ఒక్కతే, చేతిలో పెద్ద గులాబీల గుత్తితో నిలబడి ఉంది. ఫోను సంచిలో ఉంది. వెనకాల ఎవరూ లేరు.

ఆవిడ ఎక్కింది. లిఫ్టు దిగుతూ ఐదో అంతస్తు దాటింది. నాలుగు దాటింది. ఇంకాసేపటికి కింద తలుపు, ఆ తర్వాత కారు. మంచం పక్కన నేలకి ఆనిన చెంప కళ్ళముందు మెదిలింది. ఇన్నేళ్ళ ఉద్యోగంలో చేయని పని చేశాడాయన. పిడి పక్కనున్న ఎర్రమీట నొక్కేశాడు.

లిఫ్టు ఓ కుదుపు కుదిపి రెండంతస్తుల మధ్య ఆగిపోయింది. ఫ్యాను ఆగింది. గ్రిల్లు అవతల ఉత్త సిమెంటు గోడ.

"ఏమైంది?" అంది మేడమ్.

ఆయన వెనక్కి తిరిగాడు. నోరు తెరిచాడు. కానీ ఎదురుగా ఉన్న మొహం ఆయన అనుకున్న పెద్దమేడమ్‌ది కాదు. పాలిపోయి, నుదుటంతా చెమటతో, పెదాలు వణుకుతూ, ఎవరో భయపడిపోయిన ఇల్లాలిలా ఉంది. ఒక చెయ్యి గోడని పట్టుకుంది. ఇంకో చెయ్యి పూలగుత్తిని ఆయనవైపు తోసేసింది.

"తలుపు... తలుపు తీయండి. నాకు ఊపిరాడదు. మూసిన చోట నాకు..."

బాబాయ్ పూలగుత్తి చంకలో ఇరికించుకుని, ఆవిణ్ణి తన స్టూలు మీద కూర్చోబెట్టాడు. అడగాల్సిన మాట ఎటుపోయిందో! నోట్లోంచి ఇంట్లో మాటలే వచ్చాయి.

"ఏం భయం లేదమ్మా. నేనున్నాగా. నావైపు చూడు... చూడండమ్మా. మెల్లిగా గాలి పీల్చండి. ఇదిగో, ఇప్పుడే కదుల్తుంది."

మీట పైకి లాగాడు. ఫ్యాను తిరిగింది. లిఫ్టు మూలుగుతూ దిగడం మొదలెట్టింది. తనని తానే చెంపదెబ్బ కొట్టుకోవాలనిపించింది ఆయనకి. ఛీ, ఎంత పని చేశాను! నిలువునా మనిషి ప్రాణం తీసేవాణ్ణే!

కింద తలుపు తీశాక కూడా ఆవిడ కాసేపు స్టూలు మీదే కూర్చుంది. పమిట చెంగుతో మొహం తుడుచుకుని సన్నగా నవ్వింది.

"రోజూ కళ్ళు మూసుకునే వచ్చేదాన్ని ఇందులో. మీరు అటు తిరిగి ఉండేవారు కాబట్టి సరిపోయింది, లేకపోతే నా పరువు పోయేది" అంది. లేచి నిలబడి, మొదటిసారి ఆయన మొహంలోకి చూసింది. "ఇవాళ మీరు లేకపోతే ఏమైపోయేదాన్నో. మీకేమన్నా కావాలా? మొహమాటపడకండి, చెప్పండి. ఇంకో గంటదాకా ఆ కుర్చీ నాదే."

అడగొచ్చు. కూతురి బదిలీ చేతికందే దూరంలో ఉంది. కానీ అంత భయపెట్టింది తనే కదా! చేజేతులా మనిషిని అల్లాడించి, అందుకు బహుమానం పుచ్చుకోవడమా? సిగ్గేసింది. తల దించుకున్నాడు. ఆ వెనకే, పిడి తిప్పినంత అలవాటుగా నోరు దానంతటదే అనేసింది.

"ఏం లేదమ్మా. మీ దయ."

"మంచిది, వస్తాను" అంది మేడమ్. చెప్పుల చప్పుడు వరండా దాటి, మెట్లు దిగింది.

చంకలో పూలగుత్తి ఉండిపోయిందని ఆయన అప్పుడు చూసుకున్నాడు. కారు ఇంకా కదల్లేదు. అటెండరు డిక్కీలో పెట్టెలు సర్దుతున్నాడు. ఇది ఇచ్చే వంకతో వెళ్తే? వెళ్ళి కాళ్ళమీద పడితే? చేసిన పని కూడా చెప్పేసుకుంటే? రెండడుగులు వేశాడు. జేబులో ఫోను మోగింది.

"అడిగావా నాన్నా?"

"కలిశానమ్మా."

"ఏమన్నారు?"

"ఏమన్నా కావాలా అని అడిగారు."

"అయ్యో నాన్నా! మరి నువ్వేమన్నావు?"

అంతలో పైనుంచి బెల్లు మోగింది. ఇళ్ళకి వెళ్ళే వేళ, ఎవరో తొందరపడి మీట మీంచి వేలు తీయడం లేదు. "పైన పిలుస్తున్నారమ్మా" అన్నాడాయన. ఆ గొంతు విన్నాక కూతురు ఫోను పెట్టేసింది. వరండా చివర కారు తలుపు మూసిన చప్పుడైంది. గేటు దాటి వెళ్ళిపోయింది.

బాబాయ్ లోపలికొచ్చి, గ్రిల్లు లాగి, మొహం తలుపుకి పెట్టి నిలబడ్డాడు. మూడో అంతస్తులో గుమాస్తాలు బిలబిలమంటూ ఎక్కారు.

"ఈ పూలెవరివి బాబాయ్?"

ఆయన తిరగలేదు. పిడి తిప్పాడు. ఆ పూట ఆఖరి మనిషి దిగిపోయేదాకా ఆ ఎర్రగులాబీల గుత్తి, చుట్టిన కాగితం కూడా విప్పకుండా, స్టూలు మీద పడి లిఫ్టుతో పాటు పైకీ కిందికీ తిరుగుతూనే ఉంది.