మా ఆయన చెప్పిన సాక్ష్యం

ముందే చెప్తున్నాను, నాకు కోపం ఎక్కువ. ఇది మొత్తం కోపంతోనే చెప్తున్నాను. మధ్యలో ఎవరైనా "పోనీలే అమ్మా, ఆయన మాత్రం ఏం చేస్తాడు" అంటే మాత్రం మర్యాదగా ఉండదు.

మాది లాండ్రీ. మా ఆయన లోపల బాయిలర్ పక్కన నిలబడి ఇస్త్రీ చేస్తాడు. నేను ముందు బల్ల దగ్గర బట్టలు తీసుకుని, మరకలు చూసి, కాలరు లోపల గుర్తులు కుడతాను. మా బల్లకి ఎదురుగా, రోడ్డుకి అవతల, కుట్టు కంపెనీ. రెండో అంతస్తు నుంచి కిందికి బయటవైపు ఇనుప మెట్లు. ఆ కంపెనీలోనే మా చెల్లెలు బట్ట కత్తిరించే పని చేసేది. నలభై పొరలు ఒకదాని మీద ఒకటి పరిచి, గీత తప్పకుండా కోసేది. అలాంటి చెయ్యి ఆ కంపెనీలో ఇంకొకటి లేదు.

మా ఆయనకి సినిమాల పిచ్చి. అన్ని సినిమాలూ కాదు, ఒకటే రకం: నేరాన్ని కళ్ళారా చూసినవాడి కథ. అద్దంలో హత్య చూసిన బార్బరు, కిడ్నాప్ చూసి కూడా నోరు విప్పని బస్సు కండక్టరు, బట్టలు ఆరేస్తూ పక్క మేడ మీద పెనుగులాట చూసిన ముసలావిడ. ఇష్టమైన పది సినిమాల పేర్లు రాసి ఇస్త్రీ బల్ల పైన గోడకి అంటించుకున్నాడు. వారం వారం ఒకటి పైకీ ఒకటి కిందికీ మారుస్తాడు. అదేదో దేశాన్ని ఏలుతున్నట్టు.

నేను సగం సినిమాకే నిద్రపోతాను. మర్నాడు పొద్దున ఇస్త్రీ చేస్తూ మిగతాది ఆయన చెప్పేవాడు. ఎంత బాగా చెప్పేవాడో! ఒకసారి మాత్రం పట్టుబట్టి ఒకటి చివరిదాకా చూశాను. ఆయన చెప్పిన వాన అందులో లేదు. హంతకుడి చెంప మీద గాటు లేదు. "ఏమయ్యా, వాన ఏది?" అని అడిగితే, "ఉంటే బావుండేది కదే" అన్నాడు. నేను పడీ పడీ నవ్వాను. ఆ రోజు నవ్వకుండా నాలుగు చివాట్లు పెట్టి ఉండాల్సింది.

ఇక అసలు సంగతి. కంపెనీలో కొత్తగా చేరిన ఒక పిల్ల భుజం మీద సూపర్‌వైజరు మాటిమాటికీ చెయ్యి వేస్తున్నాడని మా చెల్లెలు అందరి ముందూ వాణ్ణి కడిగేసింది. మర్నాడు పొద్దున పదకొండు గంటలకి అది బట్టల మూట ఎత్తుకుని పై మెట్టు మీదికి వచ్చింది. వెనకే వాడు. ఎడం చేత్తో ఫోను చెవి దగ్గర పెట్టుకుని ఎవరితోనో మాట్లాడుతున్నాడు. మాట ఆపకుండానే కుడి చేత్తో దాని వీపు మీద ఒక్క తోపు తోశాడు. అది కింద దాకా వచ్చి పడింది. వాడు ఫోను జేబులో పెట్టుకుని, మెట్లు దిగి, ముందు మూట తీసి దుమ్ము దులిపాడు. ఆ తర్వాతే దాని వంక చూశాడు.

ఇదంతా చూసింది నేను. నా కేక విని మా ఆయన బాయిలర్ దగ్గర నుంచి పరిగెత్తుకొచ్చాడు. అప్పటికి అది నేల మీద ఉంది, వాడు మూట పట్టుకుని నిలబడి ఉన్నాడు. మా ఆయన చూసింది అంతే.

దాని కుడి మణికట్టు మూడు చోట్ల విరిగింది. ఇప్పుడు బొటనవేలు మడవలేదు, కత్తెర పట్టలేదు. వెనక నుంచి తోశాడు కాబట్టి ఆ చెయ్యి ఎవరిదో అది చూడలేదు. కంపెనీ వాళ్ళు "తనే జారిపడింది" అని రాసుకున్నారు. లోపల పనిచేసే ఆడవాళ్ళు ఎవరూ నోరు మెదపలేదు. దానికి కావాల్సింది ఒక్కటే: వాడు తోశాడని ఒక మనిషి నిలబడి చెప్పాలి. లేకపోతే వాడు మళ్ళీ అదే పిల్లల మధ్య, అదే భుజాల మీద చెయ్యి వేస్తూ తిరుగుతాడు.

సాయంత్రం నాలుగింటికి ఎస్సై షాపు ముందుకొచ్చి, "ఎవరు చూశారు?" అన్నాడు. పుట్టి బుద్ధెరిగి పోలీసుతో మాట్లాడలేదు. నేను బల్ల మీది బట్టలు మళ్ళీ మళ్ళీ సర్దుతుంటే మా ఆయన ముందుకొచ్చి, "నేను చూశాను సార్" అన్నాడు. అప్పటికే ఆసుపత్రి వరండాలో జరిగిందంతా ఆయనకి మూడుసార్లు చెప్పి ఉన్నాను. చెప్పడం ఆయనకి బాగా వచ్చు కదా, నాకంటే నయం అనుకున్నాను. దాచుకోవడం ఎందుకు, హమ్మయ్య అనుకున్నాను.

కేసు కోర్టుకి రావడానికి ఏడు నెలలు పట్టింది. ఆ ఏడు నెలలూ షాపుకి వచ్చిన ప్రతివాడికీ ఆయన ఆ కథ చెప్పాడు. మొదటి నెలలో నేను చెప్పినట్టే చెప్పాడు. రెండో నెలకి ఆయన కథలో సూపర్‌వైజరు అటూ ఇటూ చూడటం మొదలుపెట్టాడు. మూడో నెలకి పళ్ళు కొరికాడు, "నీ అంతు చూస్తా" అన్నాడు. నాలుగో నెలకి వాడి ఒంటి మీదికి నల్ల చొక్కా వచ్చింది. ఐదో నెలకి వాన మొదలైంది. నాకు ఒళ్ళు మండిపోయింది.

"ఏమయ్యా, ఆ రోజు వాన ఎక్కడ పడింది? దుప్పట్లన్నీ బయట ఆరేశాను!"

"ఊరికే తోశాడంటే ఎవరు వింటారే? వాడెంత దుర్మార్గుడో కళ్ళకి కట్టాలి."

"నువ్వసలు చూడనే లేదు. నేను చెప్పిన మూడు ముక్కలూ చెప్పు. ఫోను, చెయ్యి, మూట. అంతే."

"ఫోను మాట్లాడుతూ ఎవడైనా తోస్తాడా? నవ్వుతారు. నీకు తెలీదు, నువ్వుండు."

నెత్తీ నోరూ కొట్టుకున్నాను. కానీ "అయితే నేనే చెప్తాను" అన్న మాట మాత్రం నా నోట్లోంచి రాలేదు. ఈ ఒక్క చోట నా కోపం నా మీదికే తిరుగుతుంది.

కోర్టులో మా ఆయన అదరగొట్టాడు. గొంతు పెంచాడు, తగ్గించాడు, ఒకచోట ఆగి కళ్ళు తుడుచుకున్నాడు. వాన, నల్ల చొక్కా, పళ్ళు కొరకడం, ఏదీ వదల్లేదు. అంతా అయ్యాక వాళ్ళ వకీలు లేచాడు. సన్నగా, పంతులుగారిలా, చాలా మర్యాదగా అడిగాడు.

"ఆ రోజు వాన పడిందంటారు?"

"కుండపోత సార్."

వకీలు వాతావరణ శాఖ కాగితం తీసి జడ్జిగారికిచ్చాడు. ఆ రోజుకి ముందూ వెనకా కలిపి నలభై రోజులు చుక్క పడలేదు.

"సూపర్‌వైజరుగారిది నల్ల చొక్కా?"

"నల్లదే సార్, నా కళ్ళతో చూశాను."

"ఆ కంపెనీలో సూపర్‌వైజర్లందరూ తెల్లకోటు వేసుకుంటారు. ఆ కోట్లు ఏ లాండ్రీకి వెళ్తాయి?"

మా ఆయన నా వంక చూశాడు.

"చెప్పండి, పర్వాలేదు."

"మా... మా షాపుకే సార్."

"ఆ రోజు పొద్దున ఆయన కోటు ఇస్త్రీ చేసింది ఎవరు?"

"నేనే."

హాలంతా గొల్లున నవ్వింది. వెనక వరసలో ఎవడో ఈల కూడా వేశాడు. సూపర్‌వైజరు తల వంచుకుని భుజాలు కదిలేలా నవ్వుతున్నాడు. మా చెల్లెలు ఎడం చేత్తో కుడి మణికట్టు పట్టుకుని నేల వంక చూస్తోంది. ఇక నా వల్ల కాలేదు. లేచి నిలబడ్డాను.

"అయ్యా, చూసింది ఆయన కాదు. నేను!"

ఎవరో కూర్చోమన్నారు. కూర్చోలేదు. చెప్పేశాను: ఎండ, తెల్లకోటు, ఎడం చేతిలో ఫోను, కుడి చెయ్యి వీపు మీద, మూట దుమ్ము దులపడం. అరనిమిషం కూడా పట్టలేదు. సూపర్‌వైజరు నవ్వు ఆగిపోయింది. అది చూశాను, అందుకే చెప్తున్నాను.

జడ్జిగారు పెద్దావిడ. కళ్ళజోడు తీసి అడిగారు. "పోలీసులకి అప్పుడే ఎందుకు చెప్పలేదమ్మా?"

"మా ఆయన బాగా చెప్తాడని అనుకున్నానండీ."

మళ్ళీ నవ్వులు. ఆవిడ నవ్వలేదు. "పొద్దున్నుంచి ఈ హాల్లోనే ఉన్నారా?"

"ముందు వరసలోనే కూర్చున్నానండీ. అంతా విన్నాను."

ఆవిడ కలం కింద పెట్టేశారు. సాక్షి అన్నవాళ్ళు మిగతావాళ్ళు చెప్పేది వినకుండా బయట ఉండాలట. వాతావరణ కాగితం గురించి, తెల్లకోటు గురించి వకీలు చెప్పిందంతా విన్నాక నేను ఎండ అన్నా తెల్లకోటు అన్నా ఎవరు నమ్ముతారు? మొగుడి అబద్ధానికి పెళ్ళాం వేసిన మాసికలా ఉందని వాళ్ళ వకీలు అన్నాడు. ఆ మాట ఆవిడ రాసుకున్నారు. పదిహేను రోజుల తర్వాత కేసు కొట్టేశారు.

తీర్పు రోజు బస్సులో మా ఆయన, "అదే సినిమాలో అయితే ఆఖరి నిమిషంలో..." అని మొదలుపెట్టాడు. జనమంతా చూస్తుండగా ఏమన్నానో ఇక్కడ చెప్పలేను. మూడు స్టాపుల ముందే ఆయన దిగిపోయాడు. మంచిదే అయ్యింది.

నేనూ చెల్లెలూ మిగిలాం. నా సంచీ తన ఒళ్ళో పెట్టుకుని అది కిటికీ వైపు కూర్చుంది.

"బావ చూడలేదని నాకు తెలీదక్కా. ఇద్దరూ చూశారనుకున్నాను."

"తిట్టవే నన్ను" అన్నాను. "చెంప మీద కొట్టు."

"ఆ రోజు పడుతుంటే ఎదురుగా బల్ల దగ్గర నువ్వు కనిపించావు. అక్క చూసింది, ఇంక నాకేం భయం లేదు అనుకున్నాను."